తలంబ్రాలు తడబడకుండా: ఇంటి వీడియో డిస్కులను చిన్న ప్లేయర్‌కు మార్చిన ఒక కేస్ స్టడీ

పని అప్పగించినవారు కాకినాడలో పనిచేస్తున్న ఒక ఉపాధ్యాయురాలు. వీడియోలు చూడాల్సింది కోనసీమలో ఉంటున్న వాళ్ల అమ్మగారు. ఆవిడకు 80 దాటాయి. ఇంట్లో ఏడంగుళాల తెర ఉన్న పాత పోర్టబుల్ డీవీడీ ప్లేయర్ ఉంది. డిస్కు పెడితే కాసేపు గిరగిరా తిప్పి, ఏమీ దొరకలేదన్నట్టు ఆగిపోతుంది. లేజర్ బలహీనపడితే ఇలాగే జరుగుతుంది. పక్కనున్న యూఎస్‌బీ పోర్టు మాత్రం బాగానే ఉంది. డిస్కుల్లో ఉన్న పెళ్లి, ఉపనయనం, పుట్టినరోజు వీడియోలను ఆ ప్లేయర్ చదవగలిగే ఫైళ్లుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. ఇదీ పని.

టాబ్లెట్ కొనిస్తే సరిపోదా అని మొదట నేనే అడిగాను. అదివరకే కొనిచ్చారట. తెర మీద వేలు ఆనించగానే ఒకటి అనుకుంటే ఇంకొకటి తెరుచుకోవడం, మధ్యలో అప్‌డేట్ చేయమని అడగడం, చార్జింగ్ అయిపోవడం చూసి అమ్మగారు దాన్ని బీరువాలో పెట్టేశారు. ప్లేయర్ మీద ఉన్న గుండ్రటి బటన్‌ను మాత్రం ఆవిడ చూడకుండానే నొక్కగలరు. నా దృష్టిలో చర్చ అక్కడితో ముగిసింది. ఆవిడ చేతికి అలవాటైన పరికరమే ఈ పనికి కొలమానం.

అయితే ప్లేయర్‌కు కావలసిన ఫైలుతో పని మొదలుపెట్టకూడదు. చాలామంది డిస్కు పెట్టి, కన్వర్టర్ తెరిచి, నేరుగా చిన్న ఫైలు చేసేస్తారు. ఇక డిస్కులతో పనిలేదని అటక మీదికి ఎక్కిస్తారు. కొన్నేళ్లకు ప్లేయర్ పోతుంది. అప్పటికి డిస్కులు కూడా చదవడం మానేసి ఉంటాయి. పెళ్లి మొత్తానికీ మిగిలేది అరచేతి తెరకోసం కుదించిన బొమ్మ ఒక్కటే. భద్రపరచడం ఒక పని, చూపించడం మరొక పని. డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క బైటు మార్చకుండా ఇమేజ్ తీసి దాచడం మొదటిది. ఆ ఇమేజ్ నుంచి ఈ ప్లేయర్‌కు తగిన ఫైలు చేయడం రెండోది. రెండో ఫైలు పోయినా మళ్లీ చేసుకోవచ్చు. మొదటిది తీయకుండా డబ్బు తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

వచ్చిన డిస్కులు

2002లో జరిగిన ఉపాధ్యాయురాలి పెళ్లి మూడు వీసీడీల్లో (వీడియో సీడీల్లో) ఉంది. 2006లో వాళ్ల అక్క కొడుకు ఉపనయనం రెండు డీవీడీలు. అమెరికాలో ఉన్న తమ్ముడు పంపిన 2009 నాటి పుట్టినరోజు డీవీడీ ఒకటి. వీటన్నిటికంటే విలువైనది అరచేతిలో ఇమిడే 8 సెంటీమీటర్ల చిన్న డీవీడీ. 2008లో నాన్నగారి భీమరథ శాంతిని తమ్ముడు తన కెమెరాతో తీసినది. నాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన మాట్లాడుతూ కనిపించే వీడియో అదొక్కటేనట. ఆ డిస్కును ఏ కంప్యూటర్‌లో పెట్టినా ఖాళీ అని చూపిస్తోంది.

పెళ్లి వీసీడీలు, అప్పగింతల అంచు

వీసీడీని మామూలు డేటా సీడీలా చూడకూడదు. డిస్కు మీది సమాచారం సెక్టార్లు అనే చిన్న ముక్కలుగా ఉంటుంది. డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2048 బైట్ల సమాచారం ఉంటుంది. మిగిలిన చోటులో ఎక్కువ భాగం తప్పులను సరిదిద్దే కోడ్‌కు పోతుంది. వీసీడీలో వీడియో సెక్టారు 2324 బైట్లు మోస్తుంది. అంటే ఆ అదనపు రక్షణను వదులుకుని ఆ చోటులో కూడా బొమ్మనే నింపారు. 74 నిమిషాల సీడీలో 74 నిమిషాల వీడియో పట్టడానికి కారణం ఇదే. గీత పడినప్పుడు డేటా సీడీ కంటే ముందే వీసీడీ మొరాయించడానికీ ఇదే కారణం. వీడియో ఉండే ఎంపెగావ్ ఫోల్డర్‌లోని డాట్ (.DAT) ఫైలును మామూలుగా కాపీ చేయబోతే ఒక్క చెడ్డ సెక్టారు తగిలినా విండోస్ 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని చెప్పి మొత్తం కాపీనే ఆపేస్తుంది. అందుకని వీసీడీలను సెక్టారుకు 2352 బైట్ల చొప్పున ముడిగా చదివి ఇమేజ్ తీస్తాను. చదవలేకపోయిన సెక్టార్ల జాబితాను విడిగా రాసి ఇచ్చే ఐసోబస్టర్ వంటి ప్రోగ్రాం ఇందుకు అనువుగా ఉంటుంది.

మొదటి రెండు డిస్కులు ఇబ్బంది పెట్టలేదు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకు నిలువుగా తుడిస్తే చాలింది. గుండ్రంగా తుడవకూడదు. అలా పడే గీత ట్రాక్ వెంటే సాగి ఎక్కువ సమాచారాన్ని మింగేస్తుంది. మూడో డిస్కు సంగతి వేరు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అంచు దగ్గర సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపించాయి. సీడీలో సమాచారం ఉండే మెరుపు పొర అడుగు వైపు ఉండదు. పైన, లేబుల్ వైపు, సన్నని పూత కింద ఉంటుంది. ఆ పూత లేచిపోతే మెరుపు పొర కూడా దానితోపాటే పోతుంది. పాలిష్ చేయిస్తే అడుగు వైపు గీతలు పోవచ్చు గాని, ఊడిపోయిన పొర తిరిగి రాదు. కాగితం స్టిక్కర్ అంటించిన సీడీ నుంచి ఆ స్టిక్కర్‌ను ఒలవవద్దని ప్రతి ఒక్కరికీ చెప్పేది ఇందుకే. స్టిక్కర్‌తోపాటు పెళ్లి కూడా ఊడివస్తుంది.

సీడీని లోపలి నుంచి బయటి అంచు వైపు రాస్తారు. పెళ్లి వీడియోలో చివర వచ్చేవి అప్పగింతలు. డిస్కు నిండా వీడియో ఉంటే అప్పగింతలు కచ్చితంగా బయటి అంచునే పడతాయి. వేళ్లు తగిలేది, కవరు ఒరుసుకునేది, పూత ముందుగా లేచేది అక్కడే. ఇక్కడా అదే జరిగింది. నాన్నగారు కూతురి చేతిని పట్టుకుని అత్తగారి చేతిలో పెట్టే చోట వీడియో నిలిచిపోతోంది.

ఆ రోజుల్లో వీడియో తీసినవారు సాధారణంగా ఆడపెళ్లివారికి ఒక సెట్టు, మగపెళ్లివారికి ఒక సెట్టు ఇచ్చేవారు. "మీ అత్తగారింట్లో ఇంకో సెట్టు ఉందేమో ఒకసారి అడగండి" అన్నాను. "ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు చెప్పేవారు కదండీ" అన్నారు గాని, అడిగారు. పాత ఆల్బముల అడుగున దొరికింది. దాని మూడో డిస్కు మీద కూడా గీతలు ఉన్నాయి. అదృష్టవశాత్తూ అవి వేరే చోట ఉన్నాయి.

రెండు సెట్లు ఒకే మాస్టర్ నుంచి కాల్చినవైతే, అంటే లేజర్‌తో రాసినవైతే, సెక్టారుకు సెక్టారు అచ్చుగుద్దినట్టు సరిపోలాలి. దీన్ని ఊహించుకుని పని చేయకూడదు, పోల్చి చూడాలి. రెండు ఇమేజ్‌ల పొడవు ఒకటే. రెండింట్లోనూ బాగా చదివిన భాగాలను బైటుకు బైటు పోల్చితే తేడా రాలేదు. ఇక మిగిలింది అతుకుల పని: ఒకదానిలో చెడిన సెక్టార్ల స్థానంలో రెండోదాని సెక్టార్లు పెట్టడం. మామూలు డేటా డిస్కులకూ డీవీడీలకూ అయితే గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఈ పనిని చక్కగా చేస్తుంది. మొదటి డిస్కుతో రాసిన మ్యాప్ ఫైలునే (ఏ భాగం చదివిందో, ఏది చదవలేదో చెప్పే పట్టికనే) రెండో డిస్కుకూ ఇస్తే, లోటు ఉన్న చోట్ల మాత్రమే చదివి పూరిస్తుంది. వీసీడీ సెక్టార్లతో అది అంత సూటిగా కుదరదు కాబట్టి, చదవలేని సెక్టార్ల జాబితా ఆధారంగా చిన్న స్క్రిప్టు రాసుకుని చేశాను. చెయ్యి అందించే దృశ్యం పూర్తిగా వచ్చింది. ఆ తరువాత, కారు ఎక్కే చోట, రెండు సెట్లలోనూ లేని రెండు సెకన్ల తునక మాత్రం ఎప్పటికీ పోయినట్టే.

ఆ తునకను ఏమీ చేయకుండా వదిలేశాను. ఈ మధ్య కృత్రిమ మేధతో పాత వీడియోలను స్పష్టంగా మార్చే ప్రోగ్రాములు వచ్చాయి. అడిగినవారికి నేను వద్దనే చెబుతున్నాను. 352×288 వీసీడీలో వెనక వరసలో నిలబడ్డ మనిషి ముఖానికి పదుల సంఖ్యలో పిక్సెళ్లే ఉంటాయి. వాటి నుంచి కనుబొమలు, చిరునవ్వు గీసే ప్రోగ్రాం ఆ మనిషిని చూసి గీయదు, తాను నేర్చుకున్న వేరే ముఖాలను బట్టి గీస్తుంది. మసకగా ఉన్నా నాన్నగారు నాన్నగారిలా ఉండాలి.

ఖాళీ అని చూపించిన చిన్న డిస్కు

చిన్న డీవీడీ నిజంగా ఖాళీ కాదు. డిస్కులోకి రికార్డు చేసే కెమెరాల్లో షూటింగ్ అయ్యాక 'ఫైనలైజ్' అనే పని చేయాలి. అప్పుడే విషయసూచిక వంటి భాగాన్ని కెమెరా డిస్కు మీద రాస్తుంది, ఇతర ప్లేయర్లు దాన్ని గుర్తిస్తాయి. చాలా ఇళ్లలో ఈ పని చేయకుండానే డిస్కు తీసి పెట్టెలో వేశారు. కెమెరా కూడా ఉంటే దానిలోనే పెట్టి ఫైనలైజ్ చేయవచ్చు. ఇక్కడ కెమెరా ఎప్పుడో పోయింది.

అలాంటి డిస్కును వెలుగుకు వాల్చి అడుగు వైపు చూస్తే రాసిన భాగానికీ రాయని భాగానికీ రంగు తేడా తెలుస్తుంది. ఈ డిస్కు మీద ముప్పావు వంతు వరకు ముదురు వలయం కనిపించింది. అది చూపించగానే ఉపాధ్యాయురాలు కుర్చీలో కూర్చుండిపోయారు. ఒక మాట గుర్తుంచుకోవాలి: ఇలాంటి చిన్న డిస్కును పక్క నుంచి లాక్కునే స్లాట్ డ్రైవ్‌లో ఎప్పుడూ పెట్టకండి, లోపలే ఇరుక్కుపోతుంది. ట్రే ఉన్న డ్రైవ్‌లో మధ్యనున్న చిన్న గుంతలో కూర్చోబెట్టాలి. విండోస్ "ఈ డిస్కు ఖాళీగా ఉంది, వాడుకుంటారా" అని అడిగితే పొరపాటున కూడా ఒప్పుకోకూడదు.

ఫైనలైజ్ కాని డిస్కుల్లోని రికార్డింగ్ సెషన్లను ఐసోబస్టర్ నేరుగా వెతికి చూపించగలదు. వీడియో ముక్కలు వరసగా బయటపడ్డాయి. ఇలాంటి డిస్కులో పూర్తి నాణ్యతతో అరగంట లోపు వీడియోనే పడుతుంది. ఉన్న కొద్ది నిమిషాల్లోనే నాన్నగారు మనవలను పేరుపేరునా పిలిచి అక్షింతలు వేస్తున్న దృశ్యం ఉంది.

మిగిలిన డీవీడీలకు ఐఎస్ఓ ఇమేజ్‌లు తీయడం సాఫీగా సాగింది. ఇంట్లో కాల్చిన డీవీడీలకు కాపీ నిరోధక తాళాలు ఉండవు. ఇమేజ్ తీసిన వెంటనే ప్రతిదానికీ చెక్‌సమ్ (ఫైలులో ఒక్క బైటు మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) రాసిపెట్టాను.

ఈ ప్లేయర్ ఏమి తింటుంది

మాన్యువల్ లేదు. పెట్టె మీద రాసినదాన్ని నేను నమ్మను. రకరకాలుగా చేసిన నిమిషం నిడివి పరీక్ష ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో వేసి ప్లేయర్‌నే అడగడం నా పద్ధతి. హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన ఎంపీ4 ఫైళ్లను అసలు జాబితాలోనే చూపించలేదు. ఎక్స్‌విడ్ తరహా ఎంపెగ్-4 వీడియో, ఎంపీ3 శబ్దం ఉన్న ఏవీఐ ఫైళ్లను ఆడించింది. ఆ తరం ప్లేయర్లలో ఇది మామూలే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అందరూ వాడే హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ 2009లోనే, 0.9.4 వెర్షన్‌తో, ఏవీఐని వదిలేసింది. కాబట్టి ఆదేశాలు టైపు చేసి నడిపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాం వాడాలి. అది తన సొంత ఎంపెగ్-4 ఎన్‌కోడర్‌తో (వీడియోను కుదించే భాగంతో) చేసిన ఏవీఐ మీద 'ఎఫ్ఎంపీ4' అని ముద్ర వేస్తుంది. ఫైలు లోపల ఉన్నది ప్లేయర్‌కు అర్థమయ్యేదే అయినా, ఆ ముద్ర చూసి చాలా పాత ప్లేయర్లు తెరవవు. ముద్రను 'ఎక్స్‌విడ్' అని మార్చమని ఆదేశంలోనే చెప్పాలి. ఆ ఒక్క మార్పుతో నిరాకరించిన ఫైలే ఆడింది. ఈ సంగతి తెలియక ప్లేయర్ పాడైందని పారేసినవారిని చూశాను.

రెండో విషయం ఆకారం. మన డిస్కులు ఎక్కువగా 4:3 బొమ్మలు. ప్లేయర్ తెర వెడల్పాటిది. ఈ ప్లేయర్ ఏవీఐ ఏదైనా సరే తెర నిండా సాగదీసేస్తోంది. సెట్టింగుల్లో మార్చినా వినలేదు. పెళ్లికూతురి ముఖం అడ్డంగా విస్తరించి కనిపించింది. అందువల్ల బొమ్మను 480×360కి తెచ్చి, ఇరువైపులా 80 పిక్సెళ్ల చొప్పున నల్ల పట్టీలు కలిపి 640×360గా చేశాను. ప్లేయర్ దాన్ని తెర నిండా పరిచినా ముఖాలు ముఖాల్లాగే ఉంటాయి. 2009 నాటి డిస్కు వైడ్‌స్క్రీన్‌లో తీసినది కాబట్టి దానికి పట్టీలు అక్కర్లేదు. నాణ్యత తగ్గిపోదా అని ఉపాధ్యాయురాలు సందేహించారు. ఇలాంటి ప్లేయర్ల తెరలు తరచూ 480×234 పిక్సెళ్లే ఉంటాయి. అంతకు మించి ఇచ్చినా అది చూపించలేదు. అసలు ఇమేజ్ భద్రంగా ఉంది కాబట్టి ఇక్కడ ధైర్యంగా కుదించవచ్చు.

తలంబ్రాల పరీక్ష

పెళ్లి వీడియో ఏది వచ్చినా నేను ముందుగా తలంబ్రాల ఘట్టాన్ని తీసుకుని పరీక్షిస్తాను. వందలాది తెల్లటి బియ్యపు గింజలు, కొన్నిసార్లు ముత్యాలు, థర్మకోల్ పూసలు కూడా, అన్ని దిక్కులా ఎగురుతుంటాయి. వెనక జరీ చీరలు, మధ్యమధ్య ఫ్లాష్ వెలుగులు. వీడియోను కుదించే ఏ పద్ధతికైనా ఇంతకంటే కష్టమైన దృశ్యం లేదు. వీసీడీలో వీడియోకు సెకనుకు 1150 కిలోబిట్లే కేటాయింపు. అందుకే అసలు డిస్కులోనే ఆ క్షణాలు చదరపు గడులుగా విడిపోయి ఉంటాయి. అది కాల్చినప్పుడే జరిగిన నష్టం. మళ్లీ కుదించేటప్పుడు ఇంకో పొర గడులు చేర్చకుండా చూడడమే మన చేతిలో ఉంది.

ఫైలులో డేటా సగటు వేగం సెకనుకు 1000 కిలోబిట్లు పెట్టి, పైహద్దు లేకుండా వదిలితే, మిగతా పెళ్లి అంతా బాగా ఆడి సరిగ్గా తలంబ్రాల దగ్గర ప్లేయర్ తడబడింది. ఎన్‌కోడర్ అక్కడ ఒక్కసారిగా ఎక్కువ బిట్లు గుమ్మరించింది. ప్లేయర్ అంత వేగంగా మింగలేకపోయింది. పైహద్దు 1800 అని కట్టడి చేసి, రెండు దశల ఎన్‌కోడింగ్ (ముందు వీడియో అంతా పరిశీలించి, తరువాత కుదించడం) చేశాక సాఫీగా ఆడింది. శబ్దంతో కలిపి గంటకు సుమారు 500 మెగాబైట్లు అయింది. కంప్యూటర్‌లో ఆడిందంటే ప్లేయర్‌లో ఆడినట్టు కాదు. ఇలాంటి లోపం ఆ ప్లేయర్‌లోనే, ఆ పెన్‌డ్రైవ్‌తోనే బయటపడుతుంది.

డీవీడీల్లో ఇంకో సమస్య ఇంటర్‌లేసింగ్. మన టీవీ పద్ధతి అయిన పాల్‌లో చేసిన డీవీడీలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు. ఒకటి సరి గీతలు, ఇంకొకటి బేసి గీతలు. రెండూ సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసినవి. పాత టీవీ వాటిని విడివిడిగా చూపించేది. వాటిని కలిపి ఒకే బొమ్మగా చూపిస్తే కదిలే చెయ్యి అంచులు దువ్వెన పళ్లలా చీలుతాయి. అందుకే డీఇంటర్‌లేస్ చేయాలి, అంటే ఫీల్డులను పూర్తి బొమ్మలుగా మార్చాలి, అది కూడా బొమ్మను కుదించడానికి ముందే చేయాలి. ముందు కుదిస్తే సరి గీతలూ బేసి గీతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి నీడల్లా మిగులుతాయి. వాటిని ఇక ఏ ఫిల్టరూ విడదీయలేదు.

ఉపనయనం డిస్కుల్లో రెండో దాని ఫీల్డుల వరస తప్పుగా నమోదై ఉంది. ఆడించి చూస్తేగాని అది తెలియదు. వటువు భిక్ష అడుగుతుంటే మేనత్త చేటతో బియ్యం పోసే దృశ్యాన్ని 50 ఫ్రేములుగా విడదీసి ఒక్కో ఫ్రేమూ ముందుకు జరిపాను. చేట ముందుకు వచ్చి, కొంచెం వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వస్తోంది. వరస తారుమారైందనడానికి అదే గుర్తు. వరస సరిచేసి డీఇంటర్‌లేస్ చేశాక చెయ్యి తిన్నగా కదిలింది. తమ్ముడి అమెరికా డిస్కులు రెండూ (పుట్టినరోజు డీవీడీ, చిన్న డీవీడీ) అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీవి, సెకనుకు 29.97 ఫ్రేములు. అన్నిటినీ ఒకే లెక్కకు తేవాలని వాటిని 25కు మార్చడం అనవసరం. ఈ ప్లేయర్ రెండింటినీ ఆడిస్తుంది.

సన్నాయి, జనరేటర్, అమ్మగారి చెవి

పెళ్లి డిస్కుల్లో సగం చోట్ల శబ్దం ఎడమ స్పీకర్‌లోనే వస్తోంది. కెమెరా మైకు ఒకే చానల్‌కు తగిలించి ఉండాలి. దాన్ని రెండు వైపులా వచ్చేలా మోనో చేశాను. 100 హెర్ట్జ్‌ల కింది శబ్దాన్ని కోసేస్తే పందిరి వెనకనున్న జనరేటర్ హోరు చాలావరకు తగ్గింది. అంత చిన్న స్పీకర్లు ఆ శబ్దాన్ని ఎలాగూ పలికించలేవు. గట్టిమేళం మోగేటప్పుడు సన్నాయి పగిలి వినిపిస్తుంది. అది రికార్డింగ్‌లోనే అలా ఉంది, వదిలేయక తప్పదు.

అన్ని ఫైళ్ల శబ్దాన్నీ ఒకే స్థాయికి తేవడం మాత్రం తప్పనిసరి. వీసీడీలు గట్టిగా, డీవీడీలు మెల్లగా ఉన్నాయి. ఒక ఫైలు తరువాత మరొకటి మొదలైనప్పుడు వాల్యూమ్ కోసం అమ్మగారు తడుముకోకూడదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని లౌడ్‌నార్మ్ ఫిల్టర్‌తో అన్నిటినీ మైనస్ 16 లఫ్స్ (వినిపించే శబ్దపు గట్టితనానికి కొలమానం) దగ్గరికి చేర్చాను. భీమరథ శాంతి ఫైలులో నాన్నగారి మాట స్పష్టంగా వినబడేలా దాన్ని విడిగా, జాగ్రత్తగా చేశాను.

పేర్లు, వరస

ప్లేయర్‌లో తెలుగు ఫైలు పేర్లు ఖాళీ గడులుగా కనిపిస్తాయి. అమ్మగారికి ఇంగ్లీషు చదవడం రాదు. కాబట్టి ఫైళ్లకు రెండంకెల సంఖ్యలు మాత్రమే పెట్టి, ఏ సంఖ్య ఏ ఘట్టమో అట్ట మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాసి ఇచ్చాం. ప్రతి ఫైలు మొదట్లో నాలుగు సెకన్ల పాటు ఆ పేరే తెలుగులో తెర మీద వస్తుంది. ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా ఉండేందుకు ఆ అక్షరాలను ముందుగా బొమ్మగా తయారుచేసి వీడియోకు అతికించాను.

ఒక్కో ఘట్టం పది, పదిహేను నిమిషాలకు మించకుండా విడగొట్టాను. ఆపిన చోటు ప్లేయర్‌కు గుర్తుండదు, వేగంగా ముందుకు నడపడం ఆవిడకు కష్టం. వీసీడీ మారే చోటు జీలకర్ర బెల్లానికీ మాంగల్యధారణకూ మధ్య పడింది. ఆ రెండు డిస్కుల కొసలనూ కలిపి ఒకే ఫైలు చేశాను. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండాలి. ఈ ప్లేయర్ సంఖ్యల వరసను చూడదు, ఏ ఫైలు ముందు కాపీ అయితే దాన్నే ముందు ఆడిస్తుంది. అందుకే ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లను ఒక్కొక్కటిగా, 01 నుంచి వరసగా ఎక్కించాలి. మధ్యలో ఒకటి మార్చాలన్నా అన్నీ చెరిపి మొదటి నుంచి ఎక్కించడమే మంచిది.

అలా మొదటి నుంచి ఎక్కించే అవసరం వెంటనే వచ్చింది. పెళ్లిలో భోజనాల భాగాన్ని అంత ముఖ్యం కాదనే అంచనాతో చివర ఉంచాం. అమ్మగారు మిగతావన్నీ దాటుకుని రోజూ దాన్నే పెట్టుకుంటున్నారని కూతురు ఫోను చేశారు. వీడియో తీసినాయన పంక్తి పొడుగునా కెమెరాను మెల్లగా నడిపించాడు. బంధువులందరి ముఖాలూ దగ్గరగా, తీరిగ్గా కనిపించేది అక్కడే. ముహూర్తం వేళ అందరి వీపులే కనిపిస్తాయి. భోజనాలను 01గా, భీమరథ శాంతిని 02గా మార్చి, అట్ట మళ్లీ రాసి పంపాం. అదే వరసలో ఎక్కించిన రెండో పెన్‌డ్రైవ్‌ను కూడా జతచేశాం. అసలు ఇమేజ్‌లు రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. ఒకటి కాకినాడలో, ఇంకొకటి ఉపాధ్యాయురాలి అక్కగారింట్లో. ఏడాదికోసారి రెండింటి చెక్‌సమ్‌లనూ సరిచూడాలని తేదీ రాసి ఇచ్చాను. డిస్కులు పారేయవద్దని, ఎండ తగలని చోట నిలువుగా పెట్టి ఉంచమని చెప్పాను.